ఇంటి బడిలో మొదటి పాఠం ఏ భాషలో?

టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ 2025 మే 3న ఒక చట్టం మీద సంతకం చేశారు. పిల్లల్ని ఎక్కడ చదివించాలో తల్లిదండ్రులే నిర్ణయించుకుంటే, ఆ ఖర్చులో కొంత రాష్ట్ర ఖజానా భరించేలా చేసిన చట్టం అది. మొదటి విడతకు 100 కోట్ల డాలర్లు కేటాయించి, 2026-27 విద్యా సంవత్సరం నుంచి అమలు చేయాలని నిర్ణయించారు. బిడ్డను ప్రైవేటు బడికి పంపే కుటుంబానికి ఏడాదికి సుమారు 10 వేల డాలర్లు, ఇంట్లోనే చదివించుకునే కుటుంబానికి 2 వేల డాలర్ల వరకు అందుతాయి. అరిజోనా 2022లో, ఫ్లోరిడా 2023లో ఇలాంటి పథకాలనే దాదాపు పిల్లలందరికీ వర్తింపజేశాయి.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వారిలో విశ్వాసుల ఇళ్లకు కూడా ఈ చర్చ చేరింది. బిడ్డకు ఐదేళ్లు నిండేసరికి "హోంస్కూల్ చేద్దామా?" అన్న మాట వస్తోంది. ఆ మాటకు ముందు ఇప్పుడు "క్లాసికల్ క్రిస్టియన్" అన్న విశేషణం కూడా చేరింది. ఏ వయసుకు ఏ పుస్తకం, రోజుకు ఎన్ని గంటలు, లాటిన్ ఎప్పుడు మొదలుపెట్టాలి అనే ప్రశ్నలకు అమెరికన్ పుస్తకాల్లో వివరంగా జవాబులున్నాయి. ఆ పుస్తకాలు అడగని ప్రశ్న ఒకటుంది. తెలుగు విశ్వాసి మాత్రం దాన్ని అడగక తప్పదు. మన బిడ్డకు ముందుగా అప్పగించవలసిన స్వాస్థ్యం ఏది? అది ఏ భాషలో ఉంది?

ఈ పద్ధతి ఏమిటి?

1947లో ఆంగ్ల రచయిత్రి డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేశారు. పిల్లలకు ఎన్నో విషయాలు నేర్పుతున్నాం గానీ, ఎలా ఆలోచించాలో నేర్పడం లేదన్నది ఆమె బాధ. మధ్యయుగపు బడుల్లో ఉన్న మూడు మెట్లను, అంటే వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనేవాటిని మళ్లీ తెచ్చుకుందామని ఆమె ప్రతిపాదించారు. చిన్నపిల్లలు చిలకల్లా దేన్నయినా సంతోషంగా వల్లె వేస్తారు కాబట్టి ఆ వయసులో కంఠస్థం చేయించాలి. ప్రతిదానికీ ఎదురు వాదించే వయసు వచ్చాక తర్కం నేర్పాలి. తన మనసులోది చెప్పాలని తపించే వయసులో చక్కగా చెప్పడం నేర్పాలి. స్థూలంగా ఆమె చెప్పింది ఇదే.

మూడు దశాబ్దాలు దాటాక ఆ ఆలోచన అమెరికాలో వేళ్లూనుకుంది. 1981లో ఐడహో రాష్ట్రంలోని మాస్కో పట్టణంలో డగ్లస్ విల్సన్, మరికొందరు తల్లిదండ్రులు లోగోస్ స్కూల్ ప్రారంభించారు. 1997లో లీ బోర్టిన్స్ ఆరంభించిన క్లాసికల్ కాన్వర్సేషన్స్‌లో కుటుంబాలు వారానికోసారి కలుసుకుంటాయి. ఏడాదికి 24 వారాలపాటు చరిత్ర, భూగోళం, లెక్కలు, లాటిన్ వంటివి పిల్లలు కంఠస్థం చేస్తారు. 1999లో జెస్సీ వైజ్, సూసన్ వైజ్ బాయర్ అనే తల్లీకూతుళ్లు రాసిన 'ద వెల్ ట్రెయిన్డ్ మైండ్' ఎంతోమంది తల్లుల చేతికి వచ్చింది.

ఈ పద్ధతిలో మంచి ఉందని చెప్పడానికి మేము వెనుకాడం. ఎక్కాలు వల్లె వేసి, వేమన పద్యాలు అప్పజెప్పి, సండేస్కూలులో కంఠత వాక్యాలకు బహుమతులు తీసుకున్న తరానికి ఇది కొత్త కాదు. పసితనంలో నోటికి వచ్చింది ముసలితనంలో కూడా నోట నిలుస్తుంది. జ్ఞాపకశక్తి మసకబారిన వృద్ధులు సైతం 23వ కీర్తన తడబడకుండా చెప్పడం ఆసుపత్రి మంచాల దగ్గర మన కాపరులు తరచుగా చూసేదే. కాబట్టి కంఠస్థం చేయించాలా వద్దా అని మేము అడగడం లేదు. ఏం కంఠస్థం చేయించాలి అని అడుగుతున్నాం.

సేయర్స్ ప్రసంగంలో చాలామంది గమనించకుండా దాటిపోయే మాట ఒకటుంది. తన పథకంలోకి వచ్చే పిల్లలకు అప్పటికే చదవడం, రాయడం, లెక్కలు చేయడం వచ్చి ఉండాలని ఆమె అనుకున్నారు. ఐదేళ్ల పసివాడికి లాటిన్ విభక్తులు నేర్పమని ఆమె చెప్పలేదు. లాటిన్ మంచిదే. సంఘ చరిత్ర, వేదాంతం లోతుగా చదవబోయేవారికి అది బలమైన పనిముట్టు. కానీ అక్షరాలు కూడా కుదురుగా రాని వయసులో దాన్ని ముందు వరుసలో నిలబెట్టడం అవసరంతో చేసే పని కాదు. పక్కింటివారి పట్టిక చూసి చేసే పని.

నెబ్రాస్కా నేర్పే పాఠం

తల్లిదండ్రుల హక్కు గురించి హోంస్కూల్ నాయకులు మాట్లాడినప్పుడల్లా రెండు పాత తీర్పులను ఉదహరిస్తారు. వాటిలో మొదటిది మన తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులు. జర్మనీ మీది కోపం జర్మన్ భాష మీదికి మళ్లింది. ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరో భాష నేర్పకూడదని 1919లో నెబ్రాస్కా రాష్ట్రం చట్టం చేసింది. ఆ రాష్ట్రంలో ఒక లూథరన్ సంఘపు బడి ఉండేది. అక్కడ రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడు 1920 మే నెలలో పదేళ్ల పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు అతని మీద కేసు పెట్టారు. ఆ రోజు వాళ్లు చదువుతున్నది బైబిలు కథల పుస్తకం. కోర్టు 25 డాలర్ల జరిమానా వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను ఖరారు చేసింది. లాటిన్, గ్రీకు, హెబ్రీ వంటి ప్రాచీన భాషలు నేర్పడానికి ఈ చట్టం అడ్డు కాదని, వాడుకలో ఉన్న పరాయి భాషలే నిషిద్ధమని ఆ రాష్ట్ర కోర్టే వివరణ ఇచ్చింది.

1923 జూన్ 4న అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ శిక్షను కొట్టివేసింది. బిడ్డకు ఏం నేర్పించుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉందని తేల్చింది. రెండేళ్ల తర్వాత, పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒరెగాన్ చట్టం కూడా అదే బాటలో కొట్టుడుపోయింది. ఈ రోజు అమెరికాలో ఇంటి బడికి ఆసరాగా చెప్పుకునే హక్కు ఇలా మొదలైంది. వలస వచ్చిన కుటుంబాలు తమ పిల్లలకు తమ భాషలో దేవుని కథలు చదివించుకోవాలన్న కోరికే దాని మూలంలో ఉంది.

ఇప్పుడు మన ఇళ్లలో గోడకు తగిలించిన టైంటేబుల్ చూడండి. లాటిన్‌కు గడి ఉంది. తెలుగుకు లేదు. ఆనాడు నెబ్రాస్కాలో ప్రభుత్వం చట్టం పెట్టి చేసిన పనిని, ఈనాడు ఏ చట్టం లేకుండా మనమే చేసుకుంటున్నాం. అడ్డుకునేవారు ఎవరూ లేరు. అడిగేవారూ లేరు.

మన స్వాస్థ్యం

"క్లాసికల్" అన్న మాటకు అర్థం పాతదని మాత్రమే కాదు. తరాలు పరీక్షించి, పదిలపరచి, పిల్లల చేతికి అప్పగించదగినదని కూడా. మన భాషను భారత ప్రభుత్వం 2008లో ప్రాచీన హోదా ఇచ్చి ఆ వరుసలోనే నిలబెట్టింది. తెలుగు విశ్వాసికి అంతకంటే దగ్గరి లెక్క ఒకటుంది. 1818లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. పురుషోత్తమ చౌధురి మొదలుకొని ఎందరో భక్తులు మన రాగాల్లో, మన తాళాల్లో రాసిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలుగా మన చేతికి వచ్చాయి. రెండు వందల ఏళ్లుగా మన పెద్దలు ఏడ్చినా, పెళ్లి చేసినా, సమాధి దగ్గర నిలబడినా ఆ మాటలతోనే నిలబడ్డారు. మన క్లాసికల్ సాహిత్యం ఇదే. దీన్ని బిడ్డకు అందకుండా చేసి హోమర్‌ను, వర్జిల్‌ను అందిస్తే, ఇతరుల తాతలను పరిచయం చేసి సొంత తాతను దాచిపెట్టినట్టే.

దీనికి కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. "దేవుడు ఏ భాషలో ప్రార్థించినా వింటాడు కదా! ఇంగ్లీషులో రక్షణ లేదా?" ఉంది, సందేహం లేదు. తెలుగు మాట్లాడితే పరలోకం దగ్గరవుతుందని మేము చెప్పడం లేదు. భాషను విగ్రహంగా చేసుకోవడం కూడా పాపమే. కానీ పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ అందరినీ ఒకే భాషలోకి లాగలేదు. యెరూషలేముకు వచ్చినవారిలో ప్రతివాడూ తన సొంత భాషలోనే దేవుని గొప్ప కార్యాలు విన్నాడు. దేవునికి అనువాదకుడు అక్కర్లేదు. అమ్మమ్మకు కావాలి. వీడియో కాల్‌లో "హాయ్ అమ్మమ్మా, బై అమ్మమ్మా" దగ్గరే మాట ఆగిపోతే, ఆమె విశ్వాసం ఆ బిడ్డకు ఎలా చేరుతుంది?

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఆ యువకుని నిష్కపటమైన విశ్వాసం మొదట అవ్వయైన లోయిలో, తర్వాత తల్లియైన యునీకేలో నివసించిందని గుర్తు చేస్తాడు. ఆ కుటుంబం ఉన్నది యెరూషలేములో కాదు, లుస్త్ర ప్రాంతంలో. చుట్టూ అన్యదేవతల ఆరాధన, తండ్రి గ్రీసు దేశస్థుడు. అయినా బాల్యం నుంచే తిమోతి పరిశుద్ధ లేఖనాలు ఎరిగినవాడు. పరదేశంలో బిడ్డను పెంచే మన తల్లులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. అక్కడ పాఠ్యప్రణాళికలో మొదటి పేరు అవ్వది.

భయం వేసే ప్రణాళిక

మన కుటుంబాల్లో చాలామందిని హోంస్కూల్ వైపు నడిపిస్తున్నది ఆ చదువు మీద ప్రేమ కంటే బడి మీద భయం. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో చిన్న తరగతుల్లో లింగ వైవిధ్యం గురించిన కథల పుస్తకాలు ప్రవేశపెట్టి, వాటి నుంచి పిల్లలను మినహాయించడానికి బడి అధికారులు ఒప్పుకోకపోతే, ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు కలిసి కోర్టుకు వెళ్లారు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో వారి పక్షాన నిలిచింది. మెలకువగా ఉండవలసిన రోజులే ఇవి. అయితే బడిలో ఉంటూనే బిడ్డను కాపాడుకునే దారి కూడా ఉందని ఆ తీర్పు చూపించింది.

అందుకే బడినే శత్రువుగా చూపే మాటలను మన నోట అరువు తెచ్చుకోవద్దని మేము కోరుతున్నాం. అమెరికన్ కుటుంబాల చరిత్ర వేరు, మన చరిత్ర వేరు. మాల మాదిగ వాడల పిల్లలకు పలకా బలపం అందని కాలంలో ఈ నేల మీద బడి తలుపు తెరిచింది సువార్తే. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరారు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ పరిచర్య వెంట పల్లె బడులు నడిచాయి. ఈ రోజు డాలస్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న మన కుమారుల్లో, కుమార్తెల్లో ఎందరికో ఆ బడులే మొదటి మెట్టు. లూథర్ కూడా ఇంటినీ బడినీ విడదీయలేదు. బడులు పెట్టి నడపండని 1524లో జర్మనీ నగర సభలకు లేఖ రాశాడు. ఇంటి యజమాని కుటుంబానికి నేర్పేందుకు 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చుకున్నవాడు. దానియేలు కల్దీయుల భాష చదివాడు. వారిని నిలబెట్టింది బడి పేరు కాదు, ఇంట్లో పడిన పునాది.

ఒక చిన్న పట్టిక

ఇంట్లోనే చదివించాలని ప్రార్థనతో నిర్ణయించుకున్నవారికి, ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం మా సూచనలు ఇవి. టెక్సాస్‌లో ఇంటి బడికి చట్టం అడిగేది ఐదు విషయాలే: చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం. కాబట్టి పట్టికను పదిహేను పుస్తకాలతో నింపుకోనవసరం లేదు. బల్ల ముందు కూర్చునే సమయం ఐదారేళ్లవారికి గంటన్నర, ఏడెనిమిదేళ్లవారికి రెండున్నర గంటలు చాలు. ఒక్కో పాఠం ఇరవై నిమిషాలు మించనివ్వకండి. మిగతా పొద్దంతా ఆట, వంటింటి పని, మొక్కలు, బొమ్మలు.

ఉదయం మొదటి అరగంట కుటుంబ ఆరాధన. ఒక వాక్యభాగం, ఒక కీర్తన, ప్రార్థన. నెలకు ఒక తెలుగు కీర్తన నేర్పినా నాలుగేళ్లలో 48 అవుతాయి. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, 1వ, 23వ, 121వ కీర్తనలు, ధన్యతలు తెలుగులోనే నోటికి రావాలి. వాటి అర్థం ఇంగ్లీషులో వివరించినా ఫరవాలేదు.

ఆ తర్వాత ఇంగ్లీషు చదువు, లెక్కలు. ఈ రెండూ రోజూ జరగాలి. ఒక మంచి పుస్తకాల వరుస ఎంచుకుని దాన్నే చివరిదాకా పట్టుకోండి. నాలుగు రకాలు కొని నాలుగూ సగంలో వదిలేయడం డబ్బుకూ, బిడ్డ ధైర్యానికీ నష్టం.

మూడోది తెలుగు, రోజుకు ఇరవై నిమిషాలు. మొదటి ఏడు వినడం, మాట్లాడడం, అక్షరాలు గుర్తుపట్టడం. రెండో ఏడు గుణింతాలు. మూడో ఏడు ఒత్తులు, చిన్న వాక్యాలు. నాలుగో ఏడు తేలిక తెలుగు అనువాదంలో మార్కు సువార్త, రోజుకు నాలుగైదు వచనాలు. మన పాత బైబిలు భాష గ్రాంథికం కాబట్టి చదవడం కష్టం కావచ్చు. దాన్ని ముందు చెవికి అలవాటు చేయండి, కంటికి తర్వాత వస్తుంది.

నాలుగోది చరిత్ర. అమెరికన్ పుస్తకాల్లో ఉండే కాలరేఖనే గోడకు అంటించండి. దాని మీద రోము, రిఫర్మేషన్‌తోపాటు 1818, 1842, 1878 కూడా రాయండి. వారానికోసారి అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, "మన ఇంట్లో మొదట ప్రభువును నమ్ముకున్నది ఎవరు? ఎలా?" అని బిడ్డ చేతే అడిగించండి. చెప్పింది ఒక నోటు పుస్తకంలో బొమ్మగానో, రెండు వాక్యాలుగానో రాయించండి. ఆ పుస్తకం ఏ దుకాణంలోనూ దొరకదు. ఆలస్యం చేస్తే చెప్పేవారూ ఉండరు.

లాటిన్ తొమ్మిది, పదేళ్లకు మొదలుపెట్టవచ్చు. అప్పటికి రెండు లిపులు చదివిన బిడ్డకు మూడో భాష భారం కాదు. తెలుగు విభక్తులు తెలిసినవాడికి లాటిన్ విభక్తుల సంగతి చెప్పడం కూడా సులువే.

ఇదంతా తల్లి మీదే వదిలేయడం న్యాయం కాదు. చాలా ఇళ్లలో ఉద్యోగ అనుమతి లేని తల్లే ఇంట్లో ఉంటుంది కాబట్టి భారమంతా ఆమె మీద పడుతోంది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఇంట కూర్చున్నా, త్రోవ నడిచినా, పడుకున్నా, లేచినా పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని ఇశ్రాయేలు అంతటికీ చెబుతుంది. తండ్రి ఆఫీసు నుంచి అలసి వచ్చినా పడుకునే ముందు పది నిమిషాలు తెలుగులో ఒక బైబిలు కథ చెప్పగలడు. సంఘం శనివారం ఒక పూట పిల్లలను ఒకచోట చేర్చి, పెద్దలతో కలిసి పాడించగలదు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసేవారు, ఒంటరిగా పిల్లలను పెంచే తల్లులు హోంస్కూల్ చేయలేకపోతున్నామని బాధపడవద్దు. బడికి వెళ్లే బిడ్డకు కూడా ఉదయం ఆరాధన, సాయంత్రం తెలుగు, రాత్రి కథ సాధ్యమే. రోజుకు నలభై, యాభై నిమిషాలు చాలు. వారిని తక్కువగా చూసే మాట సంఘంలో ఎవరి నోటా రాకూడదు.

ఇంకొక సంగతి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, రేపు ఎక్కడ ఉంటామో చెప్పలేమన్న ఆందోళన మన కుటుంబాల్లో పెరిగింది. తిరిగి వస్తే, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి. అలా వచ్చే బిడ్డకు లాటిన్ విభక్తుల కంటే గుణింతాలు ముందు ఉపయోగపడతాయి. అక్కడే ఉండిపోతే ఇంట్లో తెలుగు ఇంకా అవసరం.

హైదరాబాదు, విజయవాడలలో ఉంటూ ఈ అమెరికన్ పుస్తకాలు తెప్పించుకుంటున్న కుటుంబాలకు కూడా ఇదే మా మాట. ఇంగ్లీషు మీడియం మోజులో తెలుగు చదవలేని పిల్లలు మన ఊళ్లలోనే, మన సంఘాల్లోనే పెరుగుతున్నారు. ఆరాధనలో పాట పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా వారికి తెలియని రోజు దూరంలో లేదు.

ప్రియ తల్లిదండ్రులారా, వచ్చే ఏడాది పట్టిక రాయడానికి కూర్చున్నప్పుడు పుస్తకాల జాబితా పక్కన పెట్టండి. ముందు మోకరించండి. తర్వాత మీ అమ్మకు ఫోన్ చేసి, నీకు నోటికొచ్చిన కీర్తనలు ఏవమ్మా అని అడిగి రాసుకోండి. మొదటి నెల పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి. మన పితరుల దేవుడు మీ పిల్లలకు వారి సొంత దేవుడగును గాక.